తంగేడు అని పిలిస్తే

సోమవారం, మొదటి షిఫ్టు

పైన సోలార్ పలకలు తుడవడానికి వెళ్ళిన జట్టు ఎండ ముదరక ముందే దిగి వచ్చింది. ఒకరి చెవులు బొబ్బలెక్కాయి, అంతకుమించి ఏమీ కాలేదు. దుమ్ము పోయి కరెంటు పెరిగింది కనుక పుట్టగొడుగుల గదులకు తేమ మళ్ళీ వదిలించాను. రెండో వాడ ఫ్యాను కీచుమంటోంది, గ్రీజు పెట్టించాలి. ఐదో వాడలో మేక మళ్ళీ వైరు కొరికింది.

ఇవన్నీ ఈ షిఫ్టు డైరీలో రాయడం భూలక్ష్మి అనే నా పని. నేల కింది పాత బొగ్గు సొరంగాల్లో ఉన్న మా దిగువూరిలో గాలీ నీళ్ళూ తలుపులూ నడిపించే కంప్యూటరు స్క్రిప్టును చూసుకునేది నేనే. నాకంటే ముందు చూసినాయన పోయేముందు అందులో సగమే నేర్పించాడు. మిగతా సగం అది చెడిపోయినప్పుడల్లా నేర్చుకుంటున్నాను.

పోయిన వారం ఎనిమిదో వాడకు పేరు పెట్టాం. ఇకమీదట అది తంగేడు వాడ. ఆ వాడ పెద్దమనిషి ఓదెలు మామ ఎన్నేళ్ళుగానో అడుగుతున్నాడు. వాళ్ళంతా ఒకప్పుడు తంగేడు అనే పాత సొరంగంలో ఉండేవాళ్ళు. అక్కడ గోడల్లోని బొగ్గు తనంతట తాను అంటుకుంది. బయటపడలేనివాళ్ళలో మామ భార్య కూడా ఉంది. సొరంగం నోటికి గోడ కట్టేసి, మిగిలినవాళ్ళకు ఎనిమిదో వాడ ఇచ్చారు. "నంబరు వెట్టి పిల్వనీకి మేమేమన్న జైల్ల ఉన్నమా? మాకు పేరుండాలె" అని ఊరి సభలో మామ నిలదీశాడు. సభ ఒప్పుకుంది.

పేరు మార్చాలంటే స్క్రిప్టును పూర్తిగా ఆపి, మళ్ళీ మొదలుపెట్టాలి. అంతసేపూ ఊళ్ళో ఒక్క ఫ్యానూ తిరగదు. అందుకని ముందే చాటింపు వేయించి, ఊపిరి సరిగా ఆడనివాళ్ళందరినీ బయటి గాలి తగిలే పై గేటు దగ్గరి గదుల్లోకి మోయించి, అప్పుడు మార్చాను. అంతా సవ్యంగానే జరిగింది. ఆ పూట తంగేడు వాడలో బెల్లం అన్నం పెట్టారు.

ఈ షిఫ్టు ముగుస్తుండగా ఆ వాడలోనే ఉండే నా చెల్లెలు నీలవేణి ఫోన్ చేసింది.

"అక్కా, మా వాడల లైట్లు సగమే వెలుగుతున్నయ్. నువ్వే తగ్గించినవా?"

నేను తగ్గించలేదు. చూసేలోపు అవే మామూలుగా వెలిగాయి. స్క్రిప్టు రాసుకున్న రికార్డులో ఒకే ఒక్క వరుస ఉంది: తంగేడు, లైట్లు తగ్గించు. ఎవరు చెప్పారో లేదు. అది ఎప్పుడూ ఉండదు.

మేక కొరికిన వైరు వల్లనేమో అనుకుంటున్నాను.


మంగళవారం, రెండో షిఫ్టు

వైరు వల్ల కాదు. ఈ రోజు తంగేడు వాడ ఫ్యాను నెమ్మదించింది. పొయ్యిల దగ్గరున్న ఆడవాళ్ళకు తల తిరిగి, గోడలు పట్టుకుని కూర్చున్నారట. పాత వేగానికి పెంచాను. కాసేపటికి మళ్ళీ పడిపోయింది. మళ్ళీ పెంచాను. నా కళ్ళ ముందే రికార్డులో ఇంకో వరుస పడింది: తంగేడు, గాలి తగ్గించు.

నా గదిలో నేను తప్ప ఎవరూ లేరు. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి.

ఓదెలు మామ కర్ర పట్టుకుని నా గదికి వచ్చాడు. ఎవరికో తమ వాడ పేరు మీద కన్నుకుట్టిందని ఆయన అనుమానం.

"ఎవడో నీ మిషిన్ల చెయ్యి పెట్టిండు బిడ్డా. ఎవడో చెప్పు, నేను మాట్లాడ్త."

"ఎవరో తెలుస్తలేదు మామా. స్క్రిప్టు మనిషిని సూడది. పేరే సూస్తది."

ఆయనకు అర్థం కాలేదు. తెర మీద ఆ వరుస చూపించాను. పెద్దాయన చదువుకున్నవాడే, కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు.

$వాడ::$పని();

"ఊరంతా నడిచేది దీని మీదనే మామా. మొదటిది వాడ పేరు పెట్టే డబ్బా. రెండోది పని పేరు పెట్టే డబ్బా. వేరియబుల్ అంటం. వాటిల్ల ఏ రెండు మాటలు పడితే ఆ వాడల ఆ పని అయితది. 'ఐదో వాడ', 'నీళ్ళు వదులు' అని పడితే ఐదో వాడల నీళ్ళొస్తయ్."

"ఆ డబ్బాల మాట వేసేది నువ్వే గద?"

"నేనే అనుకున్న ఇన్ని రోజులు."

మామ తెర మీది రెండో డబ్బా మీద వేలు పెట్టాడు. తర్వాత అడిగాడు: "మరి ఆ పని చేసేముందు వాడల మనుషులున్నరా లేరా అని సూస్తదా?"

"సూడది. గవన్నీ స్టాటిక్ పనులు మామా. వాడ పేరు దొరికితే చాలు, లోపట ఎవరున్నరన్నది దానికి పట్టదు. రాసినోళ్ళు గట్లనే రాసిన్రు. మంటొచ్చినప్పుడు ఆలస్యం కావద్దని."

మామ కర్ర నేలకు ఆనించి లేచాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"జర సూడు బిడ్డా. పిల్లలున్నరు."

ఆయన వెళ్ళాక నా పేజీకి తాళం వేశాను. పాస్‌వర్డు మార్చాను. ఊళ్ళో ఇక ఏ ఫోను నుంచీ, ఏ తెర నుంచీ స్క్రిప్టుకు మాట చేరదు. కుర్చీలోనే కూర్చుని చూశాను.

తంగేడు, గాలి తగ్గించు.

బయటివాళ్ళెవరూ కాదు. ఆ పేరు పిలుస్తున్నది లోపలే ఎక్కడో ఉంది.


బుధవారం, మొదటి షిఫ్టు

బడికి బయల్దేరిన పిల్లలు వరుసలో నడుస్తుండగా తంగేడు వాడ ఇనుప తలుపులు దగ్గరకు జరగడం మొదలుపెట్టాయి. ముందున్న పిల్లలు దాటారు. వెనకవాళ్ళు లోపలే ఉండిపోయారు. నీలవేణి ఒక పాపను జడ పట్టి వెనక్కి లాగిందట. తలుపుల మధ్య ఆ పాప పలక నలిగి రెండు ముక్కలైంది.

నేను తెరిపించాను. మళ్ళీ మూసుకున్నాయి. ఈసారి నేనెన్నిసార్లు చెప్పినా తెరుచుకోవడం లేదు.

రికార్డు ముందేసుకుని మూడు వరుసలనూ ఒకదాని కింద ఒకటి చూశాను. లైట్లు తగ్గించు. గాలి తగ్గించు. తలుపులు మూయి. ఈ వరస నాకు తెలుసు. నాకు పని నేర్పించిన ముసలాయన దగ్గర మొదటి నెలలోనే బట్టీ పట్టాను. బొగ్గు అంటుకున్న చోట చేసే పనులివి. తీగల వేడి తగ్గాలని లైట్లు తగ్గిస్తారు. మంటకు ఊపిరి అందకూడదని గాలి తగ్గిస్తారు. తర్వాత తలుపులు మూస్తారు. నాలుగో పని పేరు 'ఆర్పు'.

ఆర్పు అంటే పైపుల్లోంచి నైట్రోజన్ వదలడం. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. దగ్గు రాదు, కళ్ళు మండవు. మంట ఎలా ఆరిపోతుందో మనిషీ అలాగే ఆరిపోతాడు. మాట్లాడుతున్నవాడు మాట మధ్యలో పడిపోతాడు.

తంగేడు వాడలో మూడు వందల మందికి పైగా ఉన్నారు. నా చెల్లెలు ఉంది.


బుధవారం, రెండో షిఫ్టు

దొరికింది.

నీళ్ళ మోటార్ల గది వెనక పాత యంత్రం ఒకటి ఉంది. చిన్నది, మూత సీలు వేసినది. దాన్ని తీసేశారనే ఇన్నాళ్ళూ నా నమ్మకం. దాని తీగలు కొత్త వాడల వైపు పోవడం లేదు, గోడ కట్టేసిన పాత తంగేడు సొరంగంలోకి పోతున్నాయి. అది వేడికి కాపలా. లోపల వేడి పెరిగితే మొదటి డబ్బాలో ఆ చోటి పేరు వేస్తుంది, రెండో డబ్బాలో చెయ్యాల్సిన పని పేరు. ఇన్నేళ్ళుగా అది కాపలా కాస్తూనే ఉంది. దానికి తెలిసిన పేరు ఒక్కటే.

తంగేడు.

పోయిన వారం దాకా ఆ పేరుతో పిలిస్తే పలికేది పాత సొరంగమే. ఇప్పుడు ఆ పేరు రెండు చోట్ల ఉంది. స్క్రిప్టు వరసగా వెతుక్కుంటూ పోయి మొదట దొరికినదాన్ని పిలుస్తుంది. మొదట దొరికేది ఎనిమిదో వాడ. పాతదాని ఫైలు ఎక్కడో అట్టడుగున ఉంది.

అంటే రెండు సంగతులు. పాత సొరంగంలో నిజంగానే మళ్ళీ బొగ్గు రాజుకుంటోంది. దానికి చెయ్యాల్సినవన్నీ బతికున్న మనుషులకు జరుగుతున్నాయి.

కాపలా యంత్రం మీది అంకె డెబ్బై దాటింది. నూరు చేరితే 'ఆర్పు'.

ఊరి ఛైర్మన్ జరీనా మేడంకు ఫోన్ చేశాను. పరుగున వచ్చింది. ఆమె మొదట అడిగింది నేనూ మొదట అనుకున్నదే.

"ఆ వైరు పీకి పారెయ్."

"పీకితే మంటకు వైరు కాలిందనుకుంటది మేడం. నూరు దాకా ఆగది. ఎంబడే 'ఆర్పు' అని పిలుస్తది."

ఆమె ఆ యంత్రానికి అడుగు దూరం జరిగింది.

"మరి పేరు మార్చు. మళ్ళ ఎనిమిదో వాడ అని పెట్టు."

"పెట్టి ఉంచిన. కాని స్క్రిప్టు ఆపి మళ్ళ నడిపితేనే కొత్త పేరు ఎక్కుతది. ఫ్యాన్లన్నీ ఆగుతయ్. ఇప్పుడే ఆపుదాం మేడం."

"ఆగు. ఊపిరి అందనోళ్ళు ఎంతమందున్నరో ఎర్కనా? పోయిన వారం వాళ్ళను మోసుడుకే ఒక పూట పట్టింది. తలుపులు ఎందుకు మూసుకున్నయని ఊరంత నన్ను అడుగుతున్నరు. పాత దాంట్ల మంట ఉందని చెప్పిననుకో, అందరు పై గేటు మీద పడ్తరు. బయట ఎండల కాలి సస్తరు." ఆమె గొంతు తగ్గింది. "ఆ మిషిన్ ముసల్దయింది. నిజంగ మంట ఉన్నదో, అదే చెడిపోయిందో. శుక్రవారం పొద్దుగాల అందరిని పైకి మోయిచ్చి ఆపుదాం. అప్పటిదాంక అంకె నూరు దాటుతదా?"

దాటదనిపించింది. రోజుకు నాలుగైదు పెరుగుతోంది. దాటదనే చెప్పాను.

తంగేడు వాడ తలుపులకున్న చిన్న కిటికీలోంచి ఓదెలు మామకు సంగతి చెప్పాను. ఆయన రెండు చేతులూ కిటికీ అంచు మీద పెట్టి విన్నాడు. పేరు అడిగింది తానేనని ఆయన అనలేదు, నేనూ అనలేదు.

"మంట ఉన్నదో లేదో నేను సూసొస్త" అన్నాడు. "ఆ తొవ్వ నాకు తప్ప ఎవలకు ఎర్క లేదు. ఈ కిటికీల నుంచి నన్ను గుంజున్రి."

బక్క మనిషి. తలుపు బయట కాపలా ఉన్నతనూ నేనూ పట్టి లాగాం. శుక్రవారం దాకా టైముంది కదా అని మిగతావాళ్ళను లోపలే ఉంచాం.


గురువారం, మొదటి షిఫ్టు

ఓదెలు మామ పాత తంగేడు గోడ దగ్గరికి చేరాడు. అక్కడ ఒక ఫోను ఇంకా పనిచేస్తోంది. మాస్కూ, చిన్న ఆక్సిజన్ డబ్బా ఇచ్చి పంపాం.

"గోడ వెచ్చగున్నది బిడ్డా" అన్నాడు ఫోన్లో.

"చాలు మామా. గదే చాలు. వాపస్ రా."

"వెచ్చగున్నదంటే మీ మేడం నమ్ముతదా? ఇనుప మూత ఉన్నది, తెరిచి సూస్త."

"తెరవకు. గాలి పోతది లోపటికి. మామా, తెరవకు!"

ఆయన వినిపించుకున్నాడో లేదో తెలియదు. ఫోను గోడకు కొట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. దాని వెనక తుప్పుపట్టిన మర తిప్పుతున్న చప్పుడు. తర్వాత గాలి లోపలికి పీల్చుకుంటున్న పెద్ద చప్పుడు.

నేను అరుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి ఆయన గొంతు వినబడింది, ఫోనుకు దూరంగా, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు.

"గిదే మా తొవ్వ. గిదే."

కాపలా యంత్రం మీద అంకె డెబ్బై ఆరు. నేను చూస్తుండగానే ఎనభై ఒకటి. ఇన్నేళ్ళు ఊపిరి లేక పడుకున్న నిప్పుకు మామ తెరిచిన మూతలోంచి గాలి అందింది.

ఎనభై ఎనిమిది.

ఫోనులో పిలిచాను. పలకలేదు. తంగేడు వాడకు ఫోన్ చేశాను. నీలవేణి ఎత్తింది.

"అక్కా?"

"తలుపుల దగ్గరుండు. తలుపు చేతితోని తెరిచే చక్రం దగ్గర అందరినీ నిలబెట్టు. లైట్లు పోంగనే తిప్పున్రి."

"ఏమైంది?"

"తిప్పున్రి అన్న."

తొంభై రెండు. నా ముందు మూడు దారులున్నాయి. ఏమీ చేయకపోతే 'ఆర్పు' నా చెల్లెలి వాడలో జరుగుతుంది. స్క్రిప్టు ఆపి, కొత్త పేరుతో వెంటనే మొదలుపెడితే లేచేసరికి అంకె నూరు దాటుతుంది, అప్పుడు అది చేసే మొదటి పని పాత సొరంగంలో 'ఆర్పు'. మామ అందులోనే ఉన్నాడు. ఆపి, అలాగే ఆపి ఉంచితే ఊరంతా గాలి ఆగుతుంది, మామ బయటికి వచ్చేదాకా.

తొంభై ఐదు.

ఆపాను.


గురువారం, రెండో షిఫ్టు

ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. 

పుట్టినప్పటి నుంచీ ఫ్యాన్ల మోత వింటూనే ఉన్నాను. అది చప్పుడని కూడా ఎప్పుడూ అనుకోలేదు. ఆగాక తెలిసింది. తర్వాత నలుమూలలా ఒకేసారి కేకలు. లైట్లు లేవు. గోడ పట్టుకుని, తల లైటుతో పరుగెత్తాను. వెనక నా గదిలో ఫోను మోగడం మొదలైంది. నేను ఆగలేదు.

స్క్రిప్టు ఆగితే తలుపుల పట్టు వదులుతుంది. నేను చేరేసరికి తంగేడు వాడ తలుపు మనిషి దూరేంత తెరుచుకుంది. చక్రం మీద పదిమంది ఉన్నారు. పిల్లలను చేతుల మీదుగా బయటికి అందిస్తున్నారు. నీలవేణి నన్ను చూసి చక్రం వదిలింది.

"యాడికి పోతున్నవ్?"

"మామ లోపలున్నడు."

నీలవేణి పుట్టగొడుగుల గదుల్లో పనిచేస్తుంది. గుడ్డ మాస్కులు ఎప్పుడూ నడుముకే కట్టుకుని ఉంటుంది. రెండు తడిపి, ఒకటి నా ముఖానికి కట్టింది. ఇంకేమీ అడగలేదు.

పాత గోడ దగ్గర ఇనుప మూత బార్లా తెరిచి ఉంది. లోపలి నుంచి పొగ నేల మీదుగా పాకుతూ వస్తోంది. ఎక్కడో దూరంగా గోడ లోపల బొగ్గు చిటపటమంటోంది, ఎర్రగా కనిపించలేదు కానీ వేడి ముఖానికి తగిలింది. జీవితంలో నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు. ఆ మూత మూసేసి వెనక్కి వెళ్ళిపోవాలనిపించింది. ఇది నిజం కనుక రాస్తున్నాను.

"ఓదెలు మామా!" అని పిలిచాను.

ఏమీ లేదు.

"మామా! భూలక్ష్మిని! పలుకు మామా!"

నీలవేణి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. చిటపటల మధ్య చాలా చిన్నగా ఏదో వచ్చింది.

"ఓ..."

"ఉన్నడు" అంది నీలవేణి. నాకంటే ముందు అదే పాకుతూ లోపలికి దూరింది.

ఆయన మరీ దూరంలో లేడు. కాలి మీద పైకప్పు దిమ్మె ఒకటి పడి ఉంది. మాస్కు ముఖం మీదే ఉంది కానీ డబ్బాలో ఆక్సిజన్ అయిపోయింది. మేం దిమ్మెను ఎత్తలేకపోయాం. ఆయన కర్రనే దాని కిందకు దూర్చి, ఇద్దరం మీద పడి తొక్కాం. కర్ర విరిగింది. నీలవేణి ఒక ఇనుప పట్టీ వెతికి తెచ్చింది. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మధ్యలో నా కళ్ళ ముందు నల్లగా కమ్ముకుంది, అది నా చెంప మీద కొట్టింది. చివరికి దిమ్మె కదిలింది. ఆయన కాలు లాగినప్పుడు అరిచిన అరుపు ఆ సొరంగమంతా తిరిగి మా వెనకే వచ్చింది.

బయట పడ్డాక ఇనుప మూత మూసి, మర బిగించాం. మామను నీలవేణి వీపున ఎత్తుకుంది. నేను ముందు పరుగెత్తాను.

నా గదిలో చీకట్లో జరీనా మేడం నిలబడి ఉంది. ఒక చేతిలో ఫోను ఉంది.

"యాడ సచ్చినవే! ఎన్ని ఫోన్లు చెయ్యాలె నీకు? ఊర్ల మనుషులు నేల మీద పండుకొని గాలి కోసం నోరు తెరుస్తున్నరు!"

"మామ లోపటున్నడు మేడం. తీసుకొచ్చినం."

ఆమె కుర్చీ నా వైపు జరిపింది.

స్క్రిప్టు మళ్ళీ మొదలుపెట్టాను. ముందుగా ఎనిమిదో వాడ పేరు ఎక్కింది. తర్వాత రికార్డులో ఒక వరుస పడింది: తంగేడు, ఆర్పు. ఈసారి అది పాత సొరంగానికే వెళ్ళింది. పైపులో నైట్రోజన్ పోతున్న బుస గోడ అవతల వినబడింది. తర్వాత ఫ్యాన్లు ఒక్కొక్కటిగా లేచాయి. జరీనా మేడం గోడకు ఆనుకుని జారి కూర్చుంది. చాలాసేపు ఇద్దరం ఆ మోత వింటూ ఉన్నాం.


శుక్రవారం, మొదటి షిఫ్టు

అంకె దిగుతోంది. అరవై నాలుగు. ఎనిమిదో వాడవాళ్ళంతా ఇళ్ళకు చేరారు. మామ కాలికి కట్టు కట్టారు, ఎముక విరగలేదు.

మూడో వాడలో ఒక ముసలామె పోయింది. ఊపిరి యంత్రం మీద ఉన్న మనిషి. ఈ పొద్దున పైకి మొయ్యాల్సినవాళ్ళ చీటీలో ఆమె మొదటి పేరట. జరీనా మేడం చెప్పింది. తప్పు నాదని ఆమె అనలేదు. తనదని కూడా అనలేదు. "నువ్వు ఎంబడే మళ్ళ నడిపితే బతికేదేమో" అని మాత్రం అంది. అని, వెంటనే "ఓదెలు సచ్చేటోడు" అంది. వెళ్ళిపోయింది.

ఊరంతా నేను కాపాడానంటున్నారు. అన్నం తెచ్చి పెడుతున్నారు. తినలేకపోతున్నాను. స్క్రిప్టు ఆపిన ఆ క్షణాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు గుర్తుకొచ్చేవి రెండే ముఖాలు. ఒకటి నీలవేణిది, ఒకటి మామది. మూడో వాడ నాకు తట్టనే లేదు.


శనివారం, రెండో షిఫ్టు

వెళ్ళకుండా ఉండలేకపోయాను. వెళ్ళడానికి భయం వేసింది. మామ కొత్త కర్రతో నా వెంట వస్తానన్నాడు. వద్దన్నా వినలేదు.

మూడో వాడలో చివరి ఇల్లు. లోపల ఒకావిడ గిన్నెలు కడుగుతోంది. నా వయసే ఉంటుంది. మమ్మల్ని చూసి చేతులు కొంగుకు తుడుచుకుంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. గోడ పక్కన నులక మంచం ఉంది, దాని పక్కన ఆపేసిన ఊపిరి యంత్రం.

"నువ్వేనా ఫ్యాన్లు ఆపింది?" అంది.

"నేనే."

"గీ పెద్దమనిషి కోసమట గద."

మామ తల దించుకున్నాడు.

"అవును" అన్నాను. "ఈయన బయటికొచ్చేదాంక ఆపిన."

"ఆపేటప్పుడు మా అవ్వ గీ మంచంల ఉన్నదని ఎర్కనా నీకు?"

"ఎర్కలేదు."

"సూసినవా? మూడో వాడల ఎవరన్న ఉన్నరా అని ఒక్కపారి సూసినవా?"

అబద్ధం చెప్పొచ్చు. అంకె తొంభై ఐదు దగ్గర ఉండిందనీ, టైము లేదనీ చెప్పొచ్చు. అది నిజం కూడా. కానీ సొరంగం ముందు నిలబడి మామను మూడుసార్లు పిలవడానికి నాకు టైము దొరికింది.

"సూడలేదు" అన్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. కొడుతుందేమోనని కూడా అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె మంచం వైపు తిరిగింది.

"అవ్వ పేరు ఏంది బిడ్డా?" అని మామ అడిగాడు. గొంతు పొగకు పాడై, గీరుకుపోయి ఉంది.

"మంథెన రాజవ్వ."

మామ ఆ పేరును మెల్లగా ఒకసారి పలికాడు. నేనూ పలికాను.

"ఈ మంచం బయటేయాలె" అంది ఆవిడ. "ఒక్కదాన్నే ఎత్తలేకపోతున్న. ఆ దిక్కు పట్టు."

పట్టుకున్నాను. నులక ఒక చోట మనిషి పడుకున్న మేరకు కిందికి సాగి ఉంది. ఇద్దరం ఎత్తి, తలుపు దగ్గర ఒంపి, వాడ దారిలోకి తీసుకొచ్చాం. ఆవిడ వెనక్కి నడుస్తోంది. అడుగు తడబడకుండా నేను చెబుతున్నాను: "మెల్లగ... గడప ఉన్నది... ఇగ దింపు."